దాటాక ఎడమకు రండి

(తిరుపతిలో ట్యాక్సీ, టెంపో, లారీ డ్రైవర్లు, కొత్తగా కారు నేర్చుకున్నవాళ్లు కలిసి కూర్చున్న ఒక సమావేశంలో, డ్రైవింగ్ నేర్పే ఒకాయన మాట్లాడిన మాటలు. రికార్డింగ్ విని రాసినవి.)

అందరికీ నమస్కారం. వెనకాల నిలబడినవాళ్లు ముందుకు రండప్పా, ఇక్కడ కుర్చీలు ఖాళీగా ఉన్నాయి. మైకు వినిపిస్తోందా? సరే.

బయట గేటు పక్కన ఒక ఖాళీ లారీ నిలబెట్టి ఉంది, వచ్చేటప్పుడు చూసే ఉంటారు. అది నేను తెప్పించిందే. ఎందుకో చివర్లో చెప్తాను. ఈరోజు నేను మాట్లాడేది ఒక్క విషయమే. హెల్మెట్, సీటు బెల్టు, తాగి నడపకూడదు, ఇవన్నీ ముఖ్యమే, కానీ వాటి గురించి చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు. నేను చెప్పేది కుడి లేన్ గురించి. డివైడర్‌ను ఆనుకుని ఉంటుందే, ఆ లేన్.

దాన్ని మనవాళ్లు ఏమంటారు? ఫాస్ట్ లేన్ అంటారు. స్పీడుగా పోయేవాళ్లది అంటారు. ఇంకొందరు లారీల లేన్ అని కూడా అంటారు, ఎందుకంటే ఎప్పుడు చూసినా అక్కడ లారీలే కనిపిస్తాయి కాబట్టి. ఈ పేర్లన్నీ తప్పే. మనం రోడ్డుకు ఎడమ పక్కన నడిచే దేశం. ఎడమ లేన్ పోవడానికి, కుడి లేన్ ముందున్న బండిని దాటడానికి. దాటేశావు, పని అయిపోయింది, మళ్లీ ఎడమకు రావాలి. కుడి లేన్ ఉండేది ఇంత కాసేపటి పనికే. ఈ మాట లైసెన్సు పరీక్షకు చదివిన ప్రతివాడికీ తెలుసు. రోడ్డెక్కాక మాత్రం పాటించేవాళ్లు చాలా తక్కువ. పదకొండేళ్లు నేనూ పాటించలేదు, ముందు ఆ సంగతి చెప్తాను.

నేను మదనపల్లె మార్కెట్లో టమాటా ఎక్కించుకుని పీలేరు, చిత్తూరు, రాణిపేట మీదుగా మద్రాసు కోయంబేడుకు లారీ తోలేవాణ్ని. రాత్రి బయల్దేరితే తెల్లవారుజాము మూడు, నాలుగు గంటలకల్లా మార్కెట్లో ఉండాలి. ఆలస్యమైతే రేటు పడిపోతుంది, సరుకు పంపినాయన ఫోన్ మీద ఫోన్. ఆ టెన్షన్ లారీ తోలినవాళ్లకు తెలుసు. వాలాజా దాటాక రోడ్డు వెడల్పవుతుంది కదా, వెడల్పు కాగానే నేను డివైడర్ పక్కకు పోయి అక్కడే కూర్చునేవాణ్ని. లోడ్ బండి, అరవైలో. శ్రీపెరంబుదూరు వచ్చేదాకా ఎడమకు వచ్చేదే లేదు. కుడి లేన్లో గుంతలు తక్కువ, అడ్డం వచ్చే మోపెడ్లు తక్కువ, స్టీరింగ్ ఊరికే అటూ ఇటూ తిప్పక్కర్లేదు, ప్రాణానికి హాయి.

ఒకరోజు అలాగే పోతున్నాను, ఇంకా చీకటి విడలేదు. వెనక ఒక చిన్న కారు వచ్చింది. డిప్పర్ కొట్టాడు, అంటే హెడ్‌లైట్లు వెలిగించి ఆర్పాడు. కాసేపు ఆగి హారన్ కొట్టాడు. నేను అద్దంలో చూశాను. చూసి కూడా సైడ్ ఇవ్వలేదు. ఎడమ పక్క ఖాళీగానే ఉంది కదా, పోతే అటు పోనీలే అనుకున్నాను. అతను ఇంకాస్త చూసి, ఇక లాభం లేదని ఎడమకు తిప్పి యాక్సిలరేటర్ తొక్కాడు. నా లారీ అంత పొడవు, అంత ఎత్తు, దాని వెనక ఉన్నవాడికి ముందు ఏముందో ఎలా కనిపిస్తుంది? ముందు అదే ఎడమ లేన్లో ఒక ట్రాక్టర్ ట్రాలీ ఆగి ఉంది, టైరు పంక్చరై. వెనక లైటు లేదు, రిఫ్లెక్టర్ లేదు, ఒక చెట్టు కొమ్మ విరిచి వెనకాల పడేశారు, అంతే.

నాకు చప్పుడు ముందు వినిపించింది. తర్వాత చూశాను.

బండి పక్కకు ఆపి పరిగెత్తాను. కారు ముందు భాగం సగం ట్రాలీ కిందికి పోయింది. రోడ్డంతా అద్దం ముక్కలు. ఆ కారు కుడి ఇండికేటర్ ఇంకా వెలుగుతూ ఆరుతూ ఉంది, దగ్గరికి పోతే టిక్ టిక్ అని వినిపిస్తోంది. అంటే ఆ పిల్లవాడు నన్ను దాటగానే నా ముందుకు వచ్చేద్దామని అప్పటికే ఇండికేటర్ వేసుకున్నాడు. పద్ధతి తెలిసిన పిల్లవాడే. పద్ధతిగా కుడి పక్క నుంచి దాటాలనే రెండు మూడు నిమిషాలు నా వెనక ఓపిక పట్టాడు. దారి ఇవ్వంది నేను.

ప్రాణం పోలేదు. కాలు రెండు చోట్ల విరిగింది. కేసు ట్రాక్టర్ వాళ్ల మీద రాశారు, నన్నెవరూ ఒక్క మాట కూడా అడగలేదు, నా బండికి గీత కూడా పడలేదు. టమాటా గంట ఆలస్యంగా చేరింది, అంతే. కానీ ఆ టిక్ టిక్ నన్ను వదల్లేదు. ఆ తర్వాత నుంచి దాటాక ఎడమకు వస్తున్నాను. ఇప్పుడు నా దగ్గర బండి నేర్చుకోవడానికి వచ్చే ప్రతి ఒక్కరికీ క్లచ్ కంటే ముందు ఇదే చెప్తాను.

ఇప్పుడు లెక్క చూద్దాం. లెక్క అంటే భయపడకండి, మన రోజూ బేరాల కంటే తేలికే.

గంటకు 60 కిలోమీటర్ల వేగంతో ఒక లారీ పోతోంది. వెనక ఇంకో లారీ 65లో వచ్చింది. దాన్ని దాటాలని కుడికి వచ్చాడు. వెనకాల వదలాల్సిన ఎడం, రెండు లారీల పొడవులు, దాటాక ముందు వదలాల్సిన ఎడం, అన్నీ కలిపి ఒక 60 మీటర్లు అనుకుందాం. ఇద్దరి మధ్య తేడా గంటకు 5 కిలోమీటర్లే, అంటే సెకనుకు 1.4 మీటర్లు కూడా లేదు. ఆ 60 మీటర్లు దాటడానికి 43 సెకన్లు పడుతుంది. ఆ 43 సెకన్లలో దాటే లారీ ముప్పావు కిలోమీటరు పైనే పోతుంది. అంత దూరం రెండు లేన్లూ మూసేసినట్టే. వెనక పది కార్లు, రెండు బస్సులు, ఏదో ఒక అంబులెన్సు, అందరూ ఇరవై గజాల ఎడంలో ఒకరి వెనక ఒకరు అతుక్కుని ఉంటారు. ఆ గుంపులో ఒకడు బ్రేకు వేస్తే చాలు. అదే 100లో పోయే కారు 60లో పోయే లారీని దాటాలంటే ఐదారు సెకన్లు, నూట యాభై, నూట అరవై మీటర్లు. అయిపోయింది, ఎడమకు వచ్చేశాడు, రోడ్డు ఖాళీ.

అందుకే లారీ అన్నలకు నేను చెప్పేది, ఐదు కిలోమీటర్ల తేడాకు దాటొద్దు. ముందువాడు ఎక్కడైనా ఎత్తు ఎక్కలేక బాగా తగ్గితే అప్పుడు దాటు. లేదంటే వాడి వెనకే పో. వంద కిలోమీటర్లు 60లో పోతే 100 నిమిషాలు, 65లో పోతే 92 నిమిషాలు. ఆ ఎనిమిది నిమిషాలు టోల్ గేటు దగ్గరే పోతాయి.

2018లో కేంద్రం ఇచ్చిన నోటిఫికేషన్లో డివైడర్ ఉన్న నాలుగు లేన్ల రోడ్డుకు కార్లకు 100, పెద్ద ప్యాసింజర్ బండ్లకు 90, సరుకు బండ్లకు 80, మూడు చక్రాల బండ్లకు 50 అని పెట్టారు. మీరు పోయే రోడ్డు మీద బోర్డు అంతకంటే తక్కువ ఉంటే బోర్డే లెక్క. నేను ఈ అంకెలు ఎందుకు చెప్తున్నానంటే, ఒకే రోడ్డు మీద రకరకాల వేగాలు ఉంటాయని చట్టమే ఒప్పుకుంది. ఉన్నప్పుడు దాటక తప్పదు. దాటక తప్పనప్పుడు దాటడానికి ఒక లేన్ ఖాళీగా ఉండి తీరాలి. ఆ లేన్లో నువ్వు బైఠాయిస్తే ఇక రోడ్డుకు రెండు లేన్లు వేసి ఏం లాభం?

(ఇక్కడ సభలోంచి ఒకరు లేచి అడిగారు: "అన్నా, నువ్వు చెప్పేది న్యాయంగానే ఉంది గానీ ఎడమ లేన్లో ఎట్ల పోయేది? లోడ్ బండ్లన్నీ తొక్కి తొక్కి అది అరిగిపోయి ఉంటుంది. ఊర్లు వస్తాయి, ఆటోలు ఆగుతాయి, రాంగ్ రూట్లో బైకులు ఎదురొస్తాయి. కుడి పక్కనే క్షేమం కదా?")

కూర్చో అన్నా. నువ్వు అడిగింది నూటికి నూరుపాళ్లు నిజం. నేను పదకొండేళ్లు కుడి లేన్లో ఉన్నది కూడా దానికే. లారీ డ్రైవర్లకు పొగరు, సైడ్ ఇవ్వరు అని కార్లవాళ్లు తిడుతుంటారు, ఎడమ లేన్ ఎలా ఉంటుందో వాళ్లకు తెలియదు. మామిడి సీజన్లో, జూన్ నెలలో, చిత్తూరు చుట్టుపక్కల గుజ్జు ఫ్యాక్టరీల దగ్గర చూడండి, తోతాపురి కాయల ట్రాక్టర్లు రోడ్డు పక్కన ఎంత పొడవు బారులు తీరి ఉంటాయో. అక్కడ ఎడమ లేన్ ఎక్కడుంది? అక్కడ నువ్వు కుడికి రావాల్సిందే, వద్దని నేను చెప్పను. ఆగి ఉన్న ట్రాక్టర్ కూడా దాటాల్సిన బండే. పది ట్రాక్టర్లు ఉంటే పదీ దాటి, ఖాళీ కనిపించాక ఎడమకు రా. నేను అడిగేది అంతే. ఒక గుంత వచ్చిందని ఒక కిలోమీటరు కుడికి పోతే తప్పు లేదు. ఆ ఒక్క గుంతను చూపించి చిత్తూరు నుంచి తిరుపతి దాకా కుడిలోనే వస్తేనే తప్పు.

ఇంకో మాట. ఎడమ లేన్ ప్రమాదం కాబట్టి నువ్వు కుడికి పోయావు, బాగుంది. మరి నీ వెనక వచ్చే కారును ఎక్కడికి పంపుతున్నావు? అదే ఎడమ లేన్లోకి. నువ్వు అరవైలో పోవడానికి భయపడిన చోటుకి వాణ్ని తొంభైలో పంపుతున్నావు. నీకైతే ఎత్తు సీటు, ముందు దూరం కనిపిస్తుంది. వాడికి నీ బండి వెనక తలుపు తప్ప ఏం కనిపించదు. నేను ఆ పిల్లవాడికి చేసింది ఇదే అన్నా.

చిత్తూరు, తిరుపతి మధ్య ఇప్పుడు ఆరు వరుసల రోడ్డు ఉంది కదా, ఒక్కో పక్క మూడు. అక్కడ ఇంకా సులువు. బాగా నిదానంగా పోయే బండ్లు, ఊరి దగ్గర దిగేవాళ్లు ఎడమ అంచున. మామూలుగా పోయేవాళ్లు మధ్యలో. దాటేవాళ్లు కుడి. ఎడమ అంచున నీకు భయమైతే మధ్య లేన్లో హాయిగా పో, ఎవరూ అనరు. కానీ అక్కడ కూడా మూడింటిలో మూడు లారీలు పక్కపక్కన పోతుంటే చూసి నాకు కడుపు మండిపోతుంది. కాణిపాకం దర్శనానికి పిల్లాపాపలతో పోయే కార్లు వాటి మధ్య సందుల్లో దూరి, ఇటొకసారి అటొకసారి తిప్పుతూ పోతుంటాయి. ఆ కారు తోలే నాన్నను తిట్టి లాభం లేదు, సందు తప్ప వాడికి దారి ఎవరూ ఇవ్వలేదు.

కార్లవాళ్లు నవ్వుకోవద్దు, మీ సంగతికి వస్తున్నాను. మీలో ఒక రకం ఉన్నారు. "నేను 90లో పోతున్నాను, బోర్డు మీద కూడా 90 ఉంది, నన్ను దాటాలంటే వెనకవాడు చట్టం తప్పాల్సిందే, నేనెందుకు జరగాలి?" చదువుకున్నవాళ్లే ఎక్కువగా ఈ మాట అంటారు, నాతో వాదించారు కూడా. బాబూ, స్పీడ్ చూసుకోవడానికి పోలీసులున్నారు, కెమెరాలున్నాయి. నీ వెనక బంపర్‌కు అతుక్కుని కోపంగా ఉన్న బండి నీకు ప్రమాదం. అది నీ ముందుకు వెళ్లిపోతే నీకు ప్రమాదం తగ్గింది. నీ భార్య, నీ పిల్లలు ఉన్న కారు వెనక అలాంటివాణ్ని పది కిలోమీటర్లు ఎందుకు అట్టిపెట్టుకుంటావు? ఎడమకు జరిగి పంపెయ్. పైగా వాడు ఎందుకు పోతున్నాడో నీకేం తెలుసు, రుయా ఆసుపత్రికో స్విమ్స్ ఆసుపత్రికో ఎవరినైనా వెనక సీట్లో పడుకోబెట్టుకుని పోతున్నాడేమో.

అంబులెన్సు గురించి వేరే చెప్పక్కర్లేదు అనుకుంటాను. దారి ఇవ్వకపోతే పదివేలు జరిమానా లేదా ఆరు నెలల దాకా జైలు అని 2019లో చట్టంలో చేర్చారు. డివైడర్ ఉన్న రోడ్డు మీద దానికి కుడి లేన్ వదిలి అందరూ ఎడమకు రావాలి. దాని వెనకే అతుక్కుని దూసుకుపోయేవాళ్లున్నారు, ఆ పని మాత్రం చేయకండి.

ఇప్పుడు ఎడమ నుంచి దాటడం. చట్టం ఒప్పుకునే సందర్భం ఒకటి ఉంది. ముందు బండివాడు కుడికి తిరుగుతానని సిగ్నల్ ఇచ్చి రోడ్డు మధ్యకు జరిగి ఉంటే, అప్పుడు వాడి ఎడమ పక్క నుంచి పోవచ్చు. మామూలుగా దాటడం కుడి నుంచే. జర్మనీలో మన ఊరి పిల్లలు చాలామంది ఉన్నారు, అడిగి చూడండి. అక్కడి ఆటోబాన్ మీద కొన్ని చోట్ల వేగానికి పరిమితే లేదు, అయినా దాటకూడని పక్క నుంచి దాటితే ఊరుకోరు. వాళ్లు రోడ్డుకు కుడి పక్కన నడుస్తారు కాబట్టి అంతా తిరగేసి ఉంటుంది, దాటేది ఎడమ నుంచి. అంత వేగంలో కూడా వాళ్లు బతికి బట్టకడుతున్నారంటే ఏ బండి ఏ పక్క నుంచి వస్తుందో అందరికీ ముందే తెలుసు కాబట్టి.

ఎడమ నుంచి ఎందుకు వద్దంటానంటే, మన దగ్గర స్టీరింగ్ కుడి పక్క. లారీ డ్రైవర్‌కు కుడి కిటికీలోంచి తల బయట పెడితే తన కుడి పక్క అంతా కనిపిస్తుంది. ఎడమ పక్క? వాడికీ ఎడమ తలుపుకీ మధ్య ఒక మనిషి పడుకునేంత దూరం. తలుపు కింద, ముందు చక్రం పక్కన ఏముందో అస్సలు కనిపించదు. ఎడమ అద్దం ఒకటి ఉంటుంది, చాలా బండ్లలో అది పగిలో, దుమ్ము పట్టో, లోపలికి తిరిగిపోయో ఉంటుంది. ఒకప్పుడు ఆ ఎడమ సీట్లో క్లీనర్ ఉండేవాడు. నా బండిలో ఒక కుర్రాడు ఉండేవాడు, తలుపు మీద అరచేత్తో కొట్టేవాడు. ఒక దెబ్బ కొడితే ఆపు. రెండు దెబ్బలు కొడితే పోనీ. "అన్నా, బైకొస్తా ఉంది, ఆగు ఆగు" అని అరిచేవాడు. నా ఎడమ కన్ను వాడే. ఇప్పుడు చాలా లారీల్లో క్లీనర్ లేడు. జీతం గిట్టుబాటు కాదు, దొరకడం లేదు, డ్రైవర్ ఒక్కడే పోతున్నాడు. ఆ ఎడమ సీట్లో దుప్పటి, నీళ్ల బాటిల్ ఉంటాయి. దాన్ని మనసులో పెట్టుకోండి. లారీకి ఎడమ పక్క నుంచి దూరేటప్పుడు నిన్ను చూసేవాడు ఆ సీట్లో ఎవడూ లేడు. నువ్వు అక్కడ ఉన్నావని ఆ డ్రైవర్‌కు తెలియదు. వాడు మంచివాడైతే, నేను ఇందాక చెప్పినట్టు దాటాక ఎడమకు వచ్చేవాడైతే, సరిగ్గా అప్పుడే నీ మీదికి వస్తాడు.

(ఒకావిడ అడిగారు: "సార్, మేము కొత్తగా కారు నేర్చుకున్నాం. దాటడం అంటేనే చేతులు చెమటలు పడతాయి. ఎప్పుడు దాటాలి, ఎప్పుడు మళ్లీ ఎడమకు రావాలి, అది చెప్పండి.")

చెప్తానమ్మా. ముందు వెనకాల ఎడం పెట్టుకో. ముందు బండికి అతుక్కుని ఉంటే నీకు ముందు ఏమీ కనిపించదు, దాటాలన్నా భయమే. ఎంత ఎడం అంటే, ముందు బండి ఒక చెట్టునో స్తంభాన్నో దాటగానే నిదానంగా "ఏడుకొండలవాడా, వెంకటరమణా, గోవిందా గోవిందా" అనుకో. అది పూర్తిగా అనేలోపు నువ్వు ఆ చెట్టు దగ్గరికి చేరకూడదు. మూడు సెకన్లు పడుతుంది సుమారుగా. 80లో పోతుంటే మూడు సెకన్లంటే 66 మీటర్లు. ఎండిన రోడ్డు మీద, మంచి బ్రేకులుంటే, 80లో పోయే కారు ఆగడానికి దాదాపు అంతే కావాలి. వానపడితే రెండుసార్లు అనుకోవాలి.

దాటాలనుకున్నాక లోపలి అద్దం చూడు, కుడి అద్దం చూడు, ఆ తర్వాత ఒక్క క్షణం కుడి భుజం మీదుగా తల తిప్పి చూడు. అద్దంలో పడని చోట ఒక కారు దాక్కుని ఉంటుంది, దాన్ని పట్టేది ఆ చూపే. ఇండికేటర్ వెయ్యి. వేసిన వెంటనే తిప్పొద్దు, అది మూడుసార్లు వెలిగేదాకా ఆగు. ఇండికేటర్ అంటే "తిరుగుతున్నాను" అని కాదు, "తిరగాలనుకుంటున్నాను, చూసుకోండి" అని. తర్వాత కుడికి వచ్చి, వచ్చాక తడబడకుండా యాక్సిలరేటర్ తొక్కి దాటెయ్. లారీ పక్కన, దాని చక్రాల పక్కన, సమానంగా పోతూ ఉండొద్దు. అది అన్నిటికంటే చెడ్డ చోటు. దాని టైరు పగిలినా నీ మీదికే, గాలికి ఊగినా నీ మీదికే.

ఇక ఎప్పుడు ఎడమకు రావాలంటావా, నీ లోపలి అద్దంలో చూడమ్మా. ఆ పెద్ద అద్దంలో నువ్వు దాటిన బండి రెండు హెడ్‌లైట్లూ కనిపించాలి. ఒక లైటు కనిపిస్తే ఇంకా తొందర. రెండూ, వాటితో పాటు కాస్త రోడ్డు కూడా కనిపిస్తే చాలినంత ఎడం వచ్చినట్టు. ఎడమ ఇండికేటర్ వేసి మెల్లగా వచ్చెయ్. దాటీదాటగానే ముక్కు మీద కట్ కొట్టినట్టు వచ్చావనుకో, లోడ్ లారీకి నీ కారులాగా బ్రేకులు పడవు. వాడి ముందు వదిలిన ఖాళీ వాడికి బతకడానికి, నువ్వు దూరడానికి కాదు.

నిన్ను ఎవరైనా దాటుతుంటే మాత్రం స్పీడు పెంచకు. మనవాళ్లకు అదో జబ్బు, పక్కన బండి రాగానే కాలు దానంతట అదే యాక్సిలరేటర్ మీద బరువు వేస్తుంది. అది చట్టం ప్రకారం కూడా తప్పే. వీలైతే కాస్త తగ్గించు, వాడు తొందరగా వెళ్లిపోతాడు.

ఇండికేటర్లు అన్నాను కదా, ఒక సంగతి తప్పకుండా చెప్పాలి, మన ఊరికి తమిళనాడు బండ్లు, కర్ణాటక బండ్లు, ఉత్తరాది లారీలు అన్నీ వస్తాయి. ముందు లారీవాడు కుడి ఇండికేటర్ వేశాడు. దానికి అర్థం ఏంటి? ఒకడు "నేను కుడికి పోతున్నా" అంటాడు. ఒకడు "ఎదురుగా బండి వస్తోంది, రావద్దు" అంటాడు. ఇంకొకడు "నా కుడి పక్క నుంచి నువ్వు పో" అంటాడు. ఒకే లైటు, మూడు అర్థాలు, అందులో రెండు ఒకదానికొకటి పూర్తిగా విరుద్ధం. ఎడమ ఇండికేటర్ వేస్తే "నేను పక్కకు ఒదుగుతున్నా, నువ్వు పో" అని కొందరి అలవాటు, కొందరు నిజంగానే ఎడమకు తిరుగుతారు. చెయ్యి ఊపి రమ్మనేవాళ్లు కూడా ఉంటారు. వాళ్లు మంచి ఉద్దేశంతోనే చేస్తారు, నేను కాదనను, నేనూ ఊపేవాణ్ని. కానీ నీ స్టీరింగ్ నీ చేతిలో ఉంది, వాడి చేతిలో లేదు. వాడు రమ్మన్నా నీ కళ్లకు రోడ్డు కనిపించేదాకా రావద్దు. డిప్పర్ కూడా అంతే, మన దగ్గర లైటు కొట్టాడంటే "నేను వస్తున్నా, నువ్వు ఆగు" అనే నూటికి తొంభైమంది ఉద్దేశం, దారి ఇస్తున్నాడనుకుని ముందుకు పోయినవాళ్లున్నారు.

డివైడర్ లేని రోడ్డుకు వస్తే ఇదంతా పదింతలు. 60లో పోయే బస్సును నువ్వు 80లో దాటాలంటే పదకొండు సెకన్లు పడుతుంది. ఆ పదకొండు సెకన్లు నువ్వు ఎదుటివాడి లేన్లో ఉంటావు. నువ్వు 240 మీటర్లు పోతావు, ఎదురుగా 80లో వచ్చేవాడు ఇంకో 240 వస్తాడు. అంటే అర కిలోమీటరు ఖాళీ కనిపిస్తేనే దాటాలి. మలుపులో అర కిలోమీటరు కనిపిస్తుందా? ఎత్తు మీద? కల్వర్టు దగ్గర? కనిపించదు కాబట్టే అక్కడ తెగని గీత వేస్తారు. తెగిన గీత ఉంటే చూసుకుని దాటొచ్చు, తెగని గీత ఉంటే వద్దు, రెండు గీతలు పక్కపక్కన ఉంటే నీ వైపు ఏది ఉందో అది చూడు.

ఇక్కడ తిరుపతి డ్రైవర్లకు ఒక మాట ప్రత్యేకంగా చెప్పాలి, ఎవరూ మనసు కష్టపెట్టుకోవద్దు. మనం రోజూ తిరుమల ఎక్కిదిగేవాళ్లం. అక్కడ ఎక్కే ఘాట్ వేరు, దిగే ఘాట్ వేరు. ఎదురు బండి రాదు. పోయేటప్పుడు 28 నిమిషాలకు తక్కువ కాకూడదు, వచ్చేటప్పుడు 40 నిమిషాలకు తక్కువ కాకూడదు అని టైము చూస్తారు. అలా సంవత్సరాల తరబడి నడిపి నడిపి మలుపు అంటే మనకు భయం పోయింది, మలుపులో రోడ్డంతా మనదే అనే అలవాటు చేతుల్లో ఉండిపోయింది. అదే చేతులతో భాకరాపేట ఘాట్ ఎక్కితే అక్కడ ఎదురుగా బస్సు ఉంటుంది. పెళ్లి బృందాలను, ప్యాసింజర్లను తీసుకుని మదనపల్లె వైపు పోయేవాళ్లు చంద్రగిరి దాటగానే ఒకసారి గట్టిగా అనుకోండి, ఇది తిరుమల కొండ రోడ్డు కాదు, ఎదురు బండి ఉంది అని. మొగిలి ఘాట్లో డివైడర్ ఉన్నా పలమనేరు నుంచి దిగే లోడ్ బండ్లను కుడి లేన్లో ఉంచొద్దు. ఎక్కిన గేరులోనే దిగండి, ఎడమన దిగండి. ఇరుకు కొండ రోడ్డు మీద ఎదురెదురు పడితే ఎక్కే బండికి ముందు దారి, దిగేవాడు ఆగాలి.

ఇంకొకటి, ఇది మన ఊరి ప్రమాదం, ఇంకెక్కడా ఇంత ఉండదేమో. బెంగళూరు, చెన్నై, హైదరాబాదు నుంచి రాత్రంతా నడుపుకుని వస్తారు. తెల్లవారి కొండెక్కి, క్యూలో గంటలు నిలబడి, దర్శనం చేసుకుని, లడ్డూలు తీసుకుని, గుండు మీద చందనం ఆరకముందే మళ్లీ స్టీరింగ్ పడతారు. స్వామిని చూశాం కదా అనే సంతోషంలో నిద్ర గుర్తుండదు. ఊరు దాటి రోడ్డు తిన్నగా అయ్యాక వస్తుంది నిద్ర. కుడి లేన్లో, డివైడర్ పక్కన, కునుకు. ప్యాసింజర్ తొందర పెట్టినా డ్రైవర్ అన్నలు వినొద్దు, రెండు గంటలు పడుకోండి, తర్వాత బయల్దేరండి. ఎడమన పోయేవాడికి కునుకు పడితే కనీసం పక్కన మట్టి ఉంటుంది.

తమిళుల పురటాసి నెలలో, అంటే సెప్టెంబరు, అక్టోబరు రోజుల్లో, తమిళనాడు నుంచి పసుపు బట్టలు కట్టుకుని నడిచి వచ్చే భక్తులు తిరుత్తణి, పుత్తూరు రోడ్డు మీద గుంపులు గుంపులుగా ఉంటారు, ఎక్కువగా రాత్రిపూట నడుస్తారు. ముందు బండి ఉన్నట్టుండి నిదానమైతే "వీడేంట్రా" అని ఎడమ నుంచి దూరొద్దు. వాడు నిదానమైంది ఎడమన నడిచేవాళ్లను చూసే అయి ఉంటుంది. రాత్రి దాటేటప్పుడు హై బీమ్ తగ్గించి పొండి, ముందువాడి అద్దంలో నీ లైటు పడితే వాడికి ఆ నడిచేవాళ్లు కనిపించరు.

బైకులవాళ్లు ఇంటికి తొందరని రాంగ్ రూట్లో రావడం గురించి రెండు గంటలు మాట్లాడగలను, ఈరోజు టైము లేదు. అర కిలోమీటరు ముందుకు పోయి యూటర్న్ తీసుకోండి, అంతే చెప్తాను. బెంగళూరు చెన్నై ఎక్స్‌ప్రెస్‌వే మన చిత్తూరు జిల్లా మీదుగానే పోతుంది, దాని మీద బైకులకు, ఆటోలకు, ట్రాక్టర్లకు చోటు లేదు. అది పూర్తిగా తెరుచుకున్నాక అక్కడ వేగాలు ఇంకా పెరుగుతాయి. ఇప్పటి అలవాట్లతోనే మనం దాని మీదికి ఎక్కుతాం, అది తలుచుకుంటే నాకు భయంగా ఉంది. అందుకే ఇప్పుడే ఇంత గట్టిగా చెప్తున్నాను.

సరే, ఇక బయటికి పదండి. టీ అక్కడే ఇస్తారు. లారీ దగ్గరికి ఒక్కొక్కరూ రండి, కార్లవాళ్లు ముందు. డ్రైవర్ సీట్లో ఎక్కి కూర్చోండి, స్టీరింగ్ పట్టుకోండి, ఎడమ పక్కకు చూడండి. మా కుర్రాడు స్కూటర్ మీద అక్కడే, ఎడమ ముందు చక్రం పక్కన ఉంటాడు, ఎర్ర చొక్కా వేసుకున్నాడు. కనిపించాడా లేదా నాకు చెప్పండి. ఆ మెట్టు కొంచెం ఎత్తు, పెద్దవాళ్లు హ్యాండిల్ పట్టుకుని ఎక్కండి. అమ్మా, మీరు అడిగారు కదా, మీరే ముందు రండి.